మిగిలిన నిమిషాలు

శనివారం పొద్దున జ్వోల్లె ఊళ్ళో ఒక బడి వ్యాయామశాల నిండా బల్లలు వేశారు. ఫ్రౌకె ఎప్పట్లాగే కిటికీ పక్క బల్ల చూసుకుని, పెన్సిళ్ళు చెక్కుకుని, కాఫీ తెచ్చుకుంది. తర్కపు పజిళ్ళు వేగంగా విప్పేవాళ్ళు ఏడాదికోసారి అక్కడ కలుస్తారు. గళ్ళలో అంకెలు నింపడం, చుక్కలు కలుపుతూ ఒకే కంచె గీయడం లాంటివి. ఊహించి రాస్తే కుదరదు, ప్రతి గడికీ కారణం ఉండాలి.

గడువుకి ముందే ముగించి చెయ్యెత్తిన వాళ్ళ బల్ల మీద మిగిలిన నిమిషాలు రాలిపడేవి. బఠాణీ గింజలంతేసి, గోరువెచ్చగా ఉండేవి. పిడికిట్లో పట్టుకుంటే అవి కరిగిపోయేదాకా చుట్టూ లోకం ఆగేది. కొందరు బస్సు తప్పిపోకుండా వాడుకునేవాళ్ళు, కొందరు సోమవారం పొద్దున ఇంకాస్త నిద్రపోవడానికి. పోటీలో మాత్రం వాడకూడదు. గుమ్మం దగ్గర ఎవరివి వాళ్ళ గిన్నెలో పోసి లోపలికి రావాలి.

అందరికన్నా ఎక్కువ కూడబెట్టినవాడు బేరెండ్. లెక్కల మేష్టారుగా చేసి మానేశాడు. ఏళ్ళ తరబడి గెలుస్తున్నదీ ఆయనే. ఆయన గిన్నెలో పోస్తుంటే వడగళ్ళు పడ్డట్టుండేది.

"ఇన్ని ఏం చేసుకుంటావు బేరెండ్?" అంది ఫ్రౌకె.

"చావు తలుపు కొట్టినప్పుడు, కాస్త ఆగు, ఈ పజిల్ అవగొట్టి వస్తానని చెప్పడానికి."

"ఈసారి నిన్ను ఓడిస్తా చూడు."

"ఏటా వింటున్న మాటేగా!"

కానీ ఆ రోజు రెండు అంచెలు ముగిసేసరికి నిజంగానే ఫ్రౌకె ముందుంది. చివరి అంచెకి ముందు విరామంలో ఫోన్ మోగింది. గ్రోనింగెన్ ఊరి ఆసుపత్రి నుంచి నర్సు.

ఫ్రౌకె తమ్ముడు డౌవె అక్కడ సంతలో చేపలమ్ముతాడు. గొంతులో గడ్డ. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గానీ మాట పోతుంది. సోమవారం అనుకున్నది, ఊపిరి సరిగా ఆడక ఇవాళే చెయ్యాల్సి వచ్చింది.

"వద్దంటున్నారండీ. బట్టలేసుకుని టాక్సీ కోసం కూర్చున్నారు. వానకి అది రావడానికి గంటన్నర పడుతుందట. ఇలా ఇంటికెళ్తే ఈ రాత్రి గడవదు. ఇదిగో, మాట్లాడండి."

"అక్కా, సంతలో కేకెయ్యలేకపోతే నేనెవర్ని చెప్పు?" బొంగురుగా అన్నాడు డౌవె. ఫోన్ పెట్టేశాడు.

తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఫ్రౌకెనే. ఆమె కోటు వేసుకుని తన గిన్నె జేబులో కుమ్మరించుకుంది. వెనకే వచ్చిన బేరెండ్, సంగతి విని, తన గిన్నె మొత్తం ఆమె రెండో జేబులో వంచేశాడు.

"అయ్యో, అవి నీవి!"

"తెలుసమ్మా."

"మరి చావొస్తే?"

"రానీ. పిల్లలతో వాదించినవాణ్ణి, దానితో వాదించలేనా? నువ్వు రైలందుకో."

మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి తమవి వేశారు. కోటు రెండు వైపులా బరువుకి కిందికి లాగింది.

ఆమె వెళ్ళేసరికి వానలో, ఆసుపత్రి గుమ్మంలో, డౌవె టాక్సీ తలుపు తీస్తున్నాడు. ఫ్రౌకె పరుగున వెళ్ళి వాడి చేతిలో గుప్పెడు నిమిషాలు పోసి, ఆ చేతిని తన చేత్తో మూసి పట్టుకుంది. టాక్సీ వైపర్ అద్దం మధ్యలో ఆగింది. చినుకులు గాల్లో నిలిచిపోయాయి.

"పోటీ వదిలేసి వచ్చావా?"

"అదెక్కడికీ పోదు. నువ్వు మాట్లాడరా. ఎంతసేపైనా వింటాను."

డౌవె ముందు డాక్టర్లని తిట్టాడు. తర్వాత భయంగా ఉందన్నాడు. చిన్నప్పుడు గడ్డకట్టిన కాలవ మీద మంచు విరిగి నీళ్ళలో మునిగిన సంగతి, ఎప్పుడూ మనసు విప్పి చెప్పుకోలేకపోయిన ఒకమ్మాయి సంగతి చెప్పాడు. రాగం తప్పుతూ పాడాడు. ఆగిన వీధంతా దద్దరిల్లేలా చేపల కేక వేశాడు. ఫ్రౌకె ఒక్కసారి కూడా ఆపరేషన్ మాటెత్తలేదు. గుప్పెడు కరిగిపోతే ఇంకో గుప్పెడు పోసింది.

చివరికి జేబులు ఖాళీ అయ్యాయి.

"రాత్రుళ్ళు నీ దుప్పటి కూడా నాకే కప్పేదానివి," అన్నాడు డౌవె. "నేను నిద్ర నటించేవాణ్ణి. లేస్తే నువ్వు వెనక్కి తీసుకుంటావేమోనని. నా అదృష్టం అక్కా నువ్వు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు."

వైపర్ కదిలింది. వాన పడింది. డౌవె టాక్సీ లోపలికి వంగి, "నువ్వెళ్ళిపోవయ్యా, నేను రావట్లేదు," అన్నాడు. అక్క చెయ్యి పట్టుకుని ఆసుపత్రిలోకి నడిచాడు.

మరుసటి ఏడు పోటీకి డౌవె కూడా వచ్చాడు, మెడ మీది కోత కనబడకుండా రుమాలు చుట్టుకుని. తిన్నగా బేరెండ్ బల్ల దగ్గరికి వెళ్ళి, ఆయన కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఫ్రౌకె తమ్ముడివా! సరే సరే. చాల్లేవయ్యా, గంట కొట్టేస్తారు."

డౌవె వదల్లేదు. బేరెండ్ అతని ముఖంలోకి చూశాడు. ఎడం చేతిలోని పెన్సిల్ కింద పెట్టి, ఆ చెయ్యి కూడా పైన వేశాడు.

గంట కొట్టారు. అందరూ కాగితాల మీదికి వంగారు. వాళ్ళిద్దరూ మాత్రం చాలాసేపు అలాగే ఉన్నారు.