జాడీ మీద గీత

ఆయమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మూత్రపు సంచి అడుగున బిరడా తిప్పింది. సన్నని ధార కొలత జాడీలోకి దిగింది. ఎంతుందో చూసి సిస్టరుకు చెప్పి, తొట్టిలో పారబోసి, జాడీ కడిగి పక్క మంచానికి జరిగింది. ఈ పనిలో ఉండగానే ఆమె భర్త పోయాడు, కూతురు పెళ్ళయింది, జుట్టు నెరిసింది. ఇంట్లో మాత్రం ఈ పని ఊసెత్తదు. ఆస్పత్రిలో పిల్లల్ని చూసుకుంటానంటుంది, అంతే. అయినా అల్లుడు కాఫీ అందుకునే ముందు ఆమె చేతుల వంక ఓసారి చూస్తాడు. ఆమె చూడనట్టు ఊరుకుంటుంది.

భూకంపం వచ్చినప్పటి నుంచి పిల్లల వార్డు కిటకిటలాడుతోంది. కిటికీ దగ్గరి పాపను అందరూ చిట్టెలుక అంటున్నారు. కూలిన మెట్ల కింద, పిల్లి కూడా దూరని సందులోంచి తీశారు మరి. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పటి భయం అది కాదు. నలిగిన కండల్లోని విషం రక్తంలో కలిసి కిడ్నీలు పని మానేశాయి. పాప వచ్చిన రోజు నుంచీ సంచి ఎండిపోయే ఉంది. డయాలసిస్ పెట్టిన ప్రతిసారీ బీపీ పడిపోతోంది, కిందటిసారి గుండె ఆగినంత పనయింది. పక్క మంచం బాబు సంచీ ఇలాగే ఎండి ఉండేది. ఆ మంచం మీద ఇప్పుడు ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"మధ్యాహ్నం మళ్ళీ మెషీను పెట్టక తప్పదు" అని పాప తండ్రికి చెప్పి వెళ్ళింది డాక్టరమ్మ. ఆయన వడ్రంగి, చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉంటుంది. తలూపాడు.

ఆయమ్మ మనసంతా ఆ మెషీను మీదే ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. జాడీ కడుగుతూ ఠక్కున ఆగింది. ఇప్పుడు పారబోసింది ఎవరిది?

"సిస్టరమ్మా, చిట్టెలుకకు వచ్చింది."

"ఏదీ?"

"పారబోశాను."

సిస్టరు తల పట్టుకుంది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. "ఎంతుంటుంది ఆయమ్మా?"

"అరచేతి గుంటలో పట్టేంత. రంగు నల్ల టీ లాగుంది."

డాక్టరమ్మ పొద్దుటి రక్తం రిపోర్టు మళ్ళీ చూసింది. "సాయంత్రం దాకా ఆగొచ్చు. ఈసారి మాత్రం నా కంటితో చూడాలి."

డ్యూటీ దిగినా ఆయమ్మ ఇంటికి పోలేదు. మంచం పక్కన నేల మీద చతికిలబడి గొట్టం వంకే చూస్తూ కూర్చుంది. పాప తండ్రి కూడా వచ్చి కూర్చున్నాడు.

"నిజంగా చూశారా అమ్మా?"

"చూశాను నాయనా."

లోపల మాత్రం అనుమానం పీకుతోంది. కొంపదీసి వేరే పిల్లల సంచి పట్టానా? నా మాట మీదే కదా మెషీను ఆపారు.

పొద్దు వాలుతుండగా గొట్టం వంపులో ఒక చుక్క కనబడింది. ఆగింది, ఊగింది, సంచిలోకి జారింది. దాని వెనకే ఇంకొకటి. ఇన్నేళ్ళలో ఎన్ని జాడీలు పారబోసిందో, ఒక్కసారైనా ఆగి చూసింది లేదు. పిడికెడంత పిల్ల. సగం ఒళ్ళు చితికింది. అయినా ఆరిన పొయ్యి మళ్ళీ రాజుకున్నట్టు లోపల ఏదో తన పని తాను మొదలుపెట్టింది. ఆయమ్మ తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించి ఆ సంచికి దండం పెట్టింది.

కబురందుకుని వచ్చిన డాక్టరమ్మ వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. అలికిడికి పాప కళ్ళు తెరిచింది.

"పక్క తడిపేశానా అమ్మమ్మా?"

"లేదమ్మా. ఎంత కావాలంటే అంత పోసుకో. నీ ఇష్టం."

ఆయమ్మ జాడీలోకి పట్టి లేవబోతుంటే తండ్రి ఆపాడు. సిస్టరును అడిగి ప్లాస్టరు పట్టీ తీసుకుని జాడీకి అంటించాడు. చెవి మీది పెన్సిలు తీసి, మూత్రం ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అక్కడ గీత గీశాడు.

"జాడీ మీద గీతలున్నాయి కదండీ" అంది సిస్టరు.

"ఉండనివ్వండి. ఇది నా గీత."

ఆ రాత్రి ఆయమ్మ తన పనేమిటో కూతురికీ అల్లుడికీ మొదటిసారి విడమరిచి చెప్పింది. అల్లుడు కాఫీ చల్లారిపోయేదాకా విన్నాడు.

కొన్నాళ్ళకు తండ్రి చెక్కిన చిన్న చంకకర్రల మీద ఊగుతూ చిట్టెలుక వార్డు దాటి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగైనా చూడలేదు. ఆయమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి, వెళ్ళి మిగతా సంచులు ఖాళీ చేసింది. జాడీ కడిగింది, పట్టీ తడవకుండా. అది కిటికీ గట్టు మీద బోర్లించి ఆరుతోంది, పెన్సిలు గీత తలకిందులుగా.