పదిహేడో డిష్‌లో ఐదుగురు

జీవితంలో మొదటిసారి ప్రవల్లిక తను రాసిన కోడ్ తప్పని తేలాలని కోరుకుంటోంది. తేలడం లేదు. పొద్దుట్నుంచి మూడుసార్లు నడిపింది. మూడుసార్లూ పదిహేడో డిష్ దగ్గర అదే అంకె. ఐదు.

గురుగ్రామ్‌లోని ఆ ల్యాబ్‌లో ఆమె పని, తేలికగా చెప్పాలంటే, లెక్కపెట్టడం. రక్తనాళాల లోపలి గోడ ఎక్కడైనా చిట్లితే, ఎముక మూలుగలోంచి బయల్దేరి వెళ్లి అతుకులేసే కణాలు కొన్ని ఉంటాయి. రక్తంలోంచి వాటిని తీసి మనిషికో డిష్‌లో పెంచితే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లవి ముప్ఫై, నలభై గుంపులు కడుతున్నాయి. షుగర్ ఉన్నవాళ్లవి పట్టుమని పది కట్టడం లేదు. కట్టినవి కూడా కదలమంటే కదలవు. మైక్రోస్కోప్ ఫొటోల్లో ఆ గుంపుల్ని లెక్కపెట్టే ప్రోగ్రామ్ ఆమెది. పదిహేడో డిష్ షుగర్ లేనివాళ్ల వరసలో కూర్చుని, ఉన్నవాళ్లలా ప్రవర్తిస్తోంది.

"లేబుల్ తారుమారైందేమో చూడవే," అంది పక్క సీటు శ్రుతితో. రక్తం ఇచ్చినవాళ్ల పేర్ల జాబితా శ్రుతి దగ్గరే ఉంటుంది. ఎవరికీ చూపించదు.

శ్రుతి ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. తెలుగులో మొదలుపెట్టి దారిలో ఎక్కడో దిగిపోతుంది. "రెండుసార్లు చెక్ చేశా యార్. లేబుల్ బిల్‌కుల్ ఠీక్ హై. మేడమ్‌కి చెప్పి తీసెయ్. ఒక్క డిష్‌కి ఇంత టెన్షనా?"

తీసేస్తే గ్రాఫ్ నున్నగా వస్తుంది. ల్యాబ్ నడిపే మేడమ్ కూడా సంతోషిస్తుంది. ప్రవల్లిక ఆ ఉద్దేశంతోనే ఫైలు తెరిచింది. కారణం రాయాల్సిన గడి పక్కన రక్తం తీసిన తేదీ ఉంది. జులై ఇరవై రెండు, మంగళవారం.

వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

ఆ రోజు వాన. రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు. రావలసిన ఆరుగురిలో ఐదుగురు ఫోనే ఎత్తలేదు. వచ్చింది ఒక్కరే. వైశాలిలోని ఇంటి నుంచి ఆమెతోపాటు మెట్రోలో వచ్చిన వాళ్ల నాన్న.

భీమశంకరం కేంద్ర ప్రభుత్వంలో ముప్ఫై నాలుగేళ్లు బిల్డింగుల మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. "మనుషులు దొరకట్లేదంటివి కదే, నేను లేనూ?" అని తనే ముందుకొచ్చాడు. పరగడుపు షుగర్ తొంభై ఆరు, మామూలుగానే వచ్చింది. దర్జాగా సంతకం పెట్టి చెయ్యి చాపాడు. సాక్సుల మీద చెప్పులేసుకొచ్చాడని ఆమె దారంతా ఏడిపించింది కూడా. బూటు కరిచిందన్నాడు.

నాలుగు వారాలైంది. ఇప్పటికీ బూటు వేసుకోవడం లేదు.

"ఎక్కడికే?" అని శ్రుతి అడిగేసరికి ప్రవల్లిక బ్యాగు భుజాన వేసుకుంది.

మెట్రోలో సీటు దొరికినా కూర్చోలేకపోయింది. నాన్నకి మెసేజ్ టైపు చేసి చెరిపేసింది. మళ్లీ టైపు చేసింది. రాజీవ్ చౌక్‌లో రైలు మారేటప్పుడు ఎస్కలేటర్ ఖాళీగా ఉన్నా మెట్లు ఎక్కింది. రైలు తొందరగా వస్తుందని కాదు. కాళ్లు ఆగలేదు, అంతే.

మూడు దాటాక ఇల్లు చేరేసరికి భీమశంకరం బాల్కనీలో పేపరు చదువుతున్నాడు. పాదాలు కుర్చీ కిందికి ముడుచుకుని ఉన్నాయి, సాక్సుల్లో.

"ఇంత పెందరాళే వచ్చేశావ్! ఉద్యోగం పీకేశారా?"

"సాక్స్ విప్పు నాన్నా."

"అబ్బో, కాళ్లకి దణ్ణం పెడతావా? ఇంత భక్తి ఎప్పట్నుంచి?"

"జోకులొద్దు."

వంటింట్లోంచి అమ్మ సునంద చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాలుగు వారాల్నుంచి నేనూ మొత్తుకుంటున్నా. పసుపు పెట్టాను, తగ్గిపోయిందంటారు. సాక్సులు మాత్రం నా చేతికివ్వరు, ఆయనే ఉతుక్కుంటారు. పెళ్లయ్యాక ఇదే మొదలు."

"రక్తం ఇచ్చే ముందు రెండ్రోజులూ ఏం తిన్నావ్?"

భీమశంకరం పేపరు నాలుగు మడతలు పెట్టాడు. జవాబు సునంద చెప్పింది. "ఏం తింటారు, కీరాలు. ఆఫీసులో ఏటా మెడికల్ చెకప్ వచ్చినప్పుడల్లా అంతేగా. రెండ్రోజులు కీరా, మజ్జిగ, పొద్దున్నా సాయంత్రం నడక. రిపోర్టు చేతికి రాగానే పావుకిలో జలేబీ."

"ఇన్‌స్పెక్షన్‌కి ముందు సున్నం కొట్టించమా ఏంటి?" అన్నాడు భీమశంకరం. "అందరూ చేసేదే."

"ఆ తొంభై ఆరు సున్నమే నాన్నా. గోడలోపల పైపు సంగతి వేరు. క్వార్టర్లో పైపు కారుతోందని కంప్లైంటిస్తే ఏం చేసేవాడివి?"

"ప్లంబర్ని పంపేవాణ్ణి."

"నీ ఒంట్లో కంప్లైంటు వెళ్తోంది. బయల్దేరేవాళ్లే తక్కువ. బయల్దేరినా సైటుకి చేరరు. చేరినా పానా పట్టుకోరు. ముప్ఫై పైన ఉండాల్సిన చోట ఐదుగురున్నారు." ఆమె కుర్చీ ముందు కింద కూర్చుంది. "డిష్ చూసి షుగరని చెప్పడానికి నేను డాక్టర్ని కాను. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంది. రెండ్రోజుల కీరాలకి అది లొంగదు. ముందు కాలు చూపించు."

భీమశంకరం వంగి సాక్సు లాగాడు. చిటికెన వేలి పక్కన రూపాయి బిళ్లంత పుండు. అంచులు తెల్లబడ్డాయి. మధ్యలో పసుపు గట్టిపడి పెచ్చు కట్టింది. సునంద నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నొప్పేం లేదే అసలు," అన్నాడు, అదేదో మంచి విషయమైనట్టు.

ప్రవల్లికకి అన్నిటికన్నా భయం ఆ మాటకే వేసింది. షుగర్ ముదిరితే పాదానికి స్పర్శ పోతుందని ఆమెకి తెలుసు.

కార్ బుక్ చేసి, అది వచ్చేలోపు శ్రుతికి ఫోన్ చేసింది. "పదిహేడు తీసెయ్యట్లేదు. కోడ్ కరెక్టే. షుగర్ లేదన్న అందరికీ మూడు నెలల సగటు పరీక్ష చేయించాలని మేడమ్‌కి రాస్తున్నా."

"సబ్‌కా? మేడమ్ చంపేస్తుంది!"

"కీరాలు తిన్నది ఒక్కరే అనుకోకు."

కారు సిగ్నల్ దగ్గర ఆగింది. భీమశంకరం కాలు సాక్సు లేకుండా, చెప్పు మీద పైపైన ఆనించి ఉంది. పక్కన సునంద కిటికీలోంచి బయటికి చూస్తోంది. ముందు సీట్లో ప్రవల్లిక క్లినిక్ ఇంకెంత దూరమో ఫోన్లో ప్రతి అర నిమిషానికీ చూసుకుంటోంది.

"అమ్మలూ," అన్నాడు ఆయన వెనక నుంచి, మెల్లగా. "ఆ ఐదుగురూ పని చేస్తున్నారా?"

"చేస్తున్నారు."

"నయం. ఐదుగురితో సెక్షన్ నడిపానే నేను. సామాను అందితే చాలు, నడుస్తుంది." అంతలోనే, "జలేబీ సామానులోకి రాదు కదూ?" అన్నాడు.

సునంద ఆయన వైపు తిరిగింది. సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది.