రెండు పూటల పాలు

ఆవిడను వీధిలో అందరూ టైలరమ్మ అనేవారు. యాభై రెండేళ్లు వచ్చాయి, పెళ్లి మాట తలపెట్టలేదు. మంచాన పడ్డ తల్లిని పదకొండేళ్లు కంటికి రెప్పలా చూసుకుంది. తల్లి పోయి ఎనిమిది నెలలైంది. అయినా కుట్టు మిషన్ పక్కన అలారం గడియారం రెండు గంటలకోసారి మోగుతూనే ఉండేది. ఆ మోతకు తల్లిని పక్కకు తిప్పాలి, చెంచాతో గొంతు తడపాలి. ఇప్పుడు తిప్పడానికి ఎవరూ లేకపోయినా, మోగగానే ముల్లును మళ్లీ రెండు గంటలు ముందుకు తిప్పడం చేతికి అలవాటైపోయింది.

ఒకరోజు పొద్దున్నే పశువుల ఆసుపత్రి కాంపౌండరు చంకలో ఒక ప్యాంటు, చేతిలో ఒక చెప్పుల పెట్టె పట్టుకుని వచ్చాడు.

"పొడుగు తగ్గించాలక్కా. నేను పెరగడం ఎప్పుడో ఆగిపోయింది. కొనేటప్పుడు ఆ సంగతి గుర్తుండదు."

"నీ నడుము మాత్రం ఆగలేదు తమ్ముడూ" అంటూ టేపు తీసిందావిడ. ఇంతలో పెట్టెలో ఏదో కదిలింది.

మూడు అడవి కుందేలు పిల్లలు. ఒక్కొక్కటి దారపు ఉండంత ఉంది. ఇంకా కళ్లు తెరవలేదు. తల్లిని వీధి మలుపులో ఏదో బండి తొక్కేసిందట. చనుకట్టు చూసి పాలిచ్చే తల్లి అని పోల్చుకుని, చుట్టుపక్కలంతా వెతికితే, ఈవిడ పెరటి కంచె అవతల గడ్డిలో బొచ్చు పరిచిన గుంట దొరికిందట.

"ఆసుపత్రిలో కుక్కల అరుపులకే గుండె ఆగి చస్తాయి. నువ్వయితే ఇంటిపట్టున ఉంటావు. ఇదిగో సూది లేని సిరంజి. మేకపాలు గోరువెచ్చగా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పాలయ్యాక తడి దూదితో కింద తుడిస్తేనే మూత్రం పోస్తాయి. అంతకుమించి ముట్టుకోకు."

"రోజుకి రెండుసార్లేనా? పసిగుడ్లయ్యా!"

"రెండుసార్లే" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆవిడ తల ఊపింది గానీ, మనసు ఒప్పుకోలేదు. రెండు గంటలు గడవగానే గడియారం మోగింది. లేచి పాలు వెచ్చబెట్టింది. ఎనిమిది నెలల తర్వాత ఆ మోతకు మళ్లీ ఒక అర్థం వచ్చింది. ఒక్కొక్క పిల్లనూ గుండెకు ఆనించుకుని, "తాగు నాయనా, ఇంకొక్క చుక్క, మా అమ్మ కూడా ఇలాగే మారాం చేసేది" అని కబుర్లు చెప్పింది. మళ్లీ మోగింది, మళ్లీ పట్టింది. రెండు రోజులు ఇల్లు ఇల్లులా అనిపించింది.

మూడో రోజు పొద్దున చూస్తే ఒక పిల్ల పొట్ట ఉబ్బి, కాళ్లు చాచి, చల్లగా ఉంది.

కబురందుకుని వచ్చిన కాంపౌండరు దాన్ని వేలితో నొక్కి చూశాడు. "ఎన్నిసార్లు పట్టావక్కా?"

"గంట మోగినప్పుడల్లా."

అతను గడియారం వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అక్కా, అది మీ అమ్మ కాదు."

ఆవిడ గుడ్ల నీళ్లు కుక్కుకుంది. "మరి కన్నతల్లి అన్ని గంటలు వదిలేసి ఎలా ఉంటుందిరా?"

"దగ్గరుంటే దాని వాసన పట్టి నక్కో కుక్కో వస్తుంది. అందుకే దూరంగా ఉంటుంది. పిల్లలకు వాసన ఉండదు, అరవవు. తల్లి దూరంగా ఉండటమే వాటికి కాపలా. ఈ రెండూ బతకాలంటే నువ్వూ అలాగే ఉండాలి. మాటలు కూడా వద్దు."

చనిపోయిన పిల్లను పాత జాకెట్టు గుడ్డలో చుట్టి కంచె పక్కన పాతిపెట్టింది. ఆ రోజు ప్రార్థనకు కూర్చుంది. రోజూ దేవుడితో ఒకటే మొర: నన్ను ఒంటరిదాన్ని చేసి ఎక్కడికి పోయావు తండ్రీ అని. ఈసారి అడగబోయి ఆగింది. నువ్వు కూడా అలాగే దూరంగా నిలబడ్డావా? అలాగైతే, ఆ రెండు పూటలూ ఎప్పుడొచ్చి వెళ్తున్నావు, నాకెందుకు తెలియడం లేదు? దణ్ణం పెట్టుకుని లేచింది.

పెట్టెను తల్లి గదిలోకి మార్చి తలుపు దగ్గరగా వేసింది. గడియారాన్ని రెండు పూటలకే పెట్టింది. మధ్యలోని పొద్దంతా ఆవిడకు కొండంతయింది. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆపి చెవి రిక్కించేది. పెట్టెలో పరిచిన గడ్డి కదిలిన చప్పుడు వినపడితే కాలు దానంతటదే లేచేది. మళ్లీ కూర్చునేది. ఒకసారి కాజాలు కుట్టకుండానే చొక్కాకు గుండీలన్నీ కుట్టేసింది. పాలు పట్టేటప్పుడు పెదవులు బిగబట్టుకునేది. నోటిదాకా వచ్చిన ముద్దు పేర్లన్నీ మింగేసేది.

వాటి కళ్లు తెరుచుకున్నాయి. చెవులు నిక్కాయి. పాలు తగ్గించి పెరట్లోని లేత గడ్డి పెట్టింది. నాలుగు వారాలయ్యేసరికి ఆవిడ తలుపు తీస్తే చాలు, రెండూ మూలకు దూకి వణికేవి. ఆ వణుకు చూసి కాంపౌండరు, "భేష్ అక్కా! నీకు భయపడుతున్నాయంటే బతుకుతాయి" అన్నాడు.

అంత చేదు మెప్పు ఆవిడ జన్మలో వినలేదు.

ఆ సాయంత్రమే పెట్టెను కంచె దగ్గర పక్కకు వంచి, పది అడుగులు వెనక్కి వచ్చింది. ఒకటి బయటికి వచ్చి ముక్కు ఆడించింది. రెండోది దాని వెనకే వచ్చింది. జాగ్రత్త అనబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గడ్డి రెండుసార్లు ఊగింది. అంతే. ఏదీ వెనక్కి తిరిగి చూడలేదు.

లోపలికి వచ్చి ఖాళీ పెట్టెను తల్లి మంచం మీద పెట్టింది. మర్నాడు పొద్దున గడియారం మోగితే లేచి, పాలగిన్నె చేతిలోకి తీసుకుని, కాసేపు అలాగే నిలబడి, బోర్లించింది.

వారం తర్వాత కాంపౌండరు ఇంకో ప్యాంటుతో వచ్చాడు. "మనవాళ్లు కనిపిస్తున్నారా?"

"నేను చూడలేదు."

"కంచె దాకా వెళ్తే చాలు కదక్కా!"

"కంచె దాకా వెళ్తే అక్కడ ఆగను తమ్ముడూ."

అతను ఆ ప్యాంటు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. ఆవిడ టేపు తీసి నేల మీద మోకాళ్లు ఆనించింది. పెరటి తలుపు తెరిచే ఉంది. ఆవిడ మాత్రం అటు వీపు పెట్టి కూర్చుంది.

"కదలకుండా నిలబడు. పోయినసారి తగ్గించినంతే తగ్గించనా?"