పుల్లయ్య పంపిన అంచు

దాచమని ఇచ్చిన వస్తువును తిరిగి అడగడానికి ఎవరూ రాకపోతే, అది ఎన్నేళ్ళకు మనదవుతుంది? ఈ సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. కాటన్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ అంగడిలో ఇరవై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. అక్కడ ఎప్పుడూ ఎవరివో వస్తువులు ఉండిపోయేవి. గొడుగులు, టిఫిన్ క్యారియర్లు, ఒకసారి పెళ్ళి శుభలేఖల కట్ట. మా యజమాని తిమ్మరాయప్పను అడిగితే, "మూడు పండగలు దాటితే మనదే పోప్పా" అన్నాడు. రామమందిరంలో పురాణం చెప్పే ఆచార్యులను అడిగితే, "అడగకపోయినా వాళ్ళదే" అన్నారు. ఇద్దరూ నవ్వుతూ చెప్పారు. నేను నిజంగానే అడుగుతున్నానని ఇద్దరికీ తోచలేదు.

2001లో అంగడి మూతపడింది. చివరి రోజు తిమ్మరాయప్ప రెండు ట్రంకుపెట్టెలు నా వైపు తోసి, "తీసుకోప్పా ఆదినారాయణప్పా, పాత కార్డులు. చెదలు తినేలోపల నువ్వు తిను" అన్నాడు. మరుసటి ఏడు ఆయన పోయాడు. పెట్టెల నిండా ఆయన తండ్రి కాలం నుంచి అంగడికి వచ్చిన కార్డులు. మిల్లు ఏజెంట్లు పంపిన బొమ్మల కార్డులు, రాజుగారి తల అచ్చువేసిన పోస్టుకార్డులు, బట్టల బేళ్ళ మీద అంటించే దేవుళ్ళ లేబుళ్ళు.

వాటిని కొనేవాళ్ళు ఉంటారని చెప్పింది నాగేంద్ర. మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. హిందూపురం మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఒక కార్డును రెండు వైపులా స్కాన్ చేసి ఇంటర్నెట్ వేలంలో పెడితే పది రోజులు పాట నడుస్తుంది. పాట ముగిశాక ఎక్కువ అడిగినవాళ్ళకు అట్టముక్కల మధ్య పెట్టి రిజిస్టరు పోస్టులో పంపాలి. కార్డు గురించి నేను తెలుగులో రాసి ఇచ్చేవాణ్ణి, అతను ఇంగ్లీషు చేసేవాడు. నేను లోపాలన్నీ రాసేవాణ్ణి. మూల మడత, నూనె మరక, వెనక చెద తిన్న గీత.

"ఏమప్పా, అమ్మేదానికి రాస్తాండావా, పెండ్లి చెడగొట్టేదానికి రాస్తాండావా?" అనేవాడు నాగేంద్ర.

కానీ నా పేరు పక్కన కొన్నవాళ్ళందరూ మంచి గుర్తులే వేశారు. మూడేళ్ళు అలా గడిచింది.

2003 కార్తీకంలో నా భార్య ఛాయాదేవి పోయింది. జ్వరమని పడుకుంది, నాలుగో రోజుకు లేదు. ఆ తరువాత నాకు ఏ ఇబ్బందీ లేదు. అదే నాకు వింతగా ఉండేది. తెల్లవారి లేచేవాణ్ణి, స్నానం చేసేవాణ్ణి, దీపం పెట్టేవాణ్ణి. సహస్రనామం ఎక్కడా తప్పు పోయేది కాదు. హారతి కళ్ళకద్దుకునేవాణ్ణి, వేడి తగిలేది, అంతే. మా అక్క పాపక్క వచ్చి నాతో ఉంది. అన్నం పెడితే తినేవాణ్ణి. ఉప్పు ఎక్కువైందా అని అడిగితే నాలుగు మెతుకులు మళ్ళీ నోట్లో పెట్టుకుని చూసి చెప్పవలసి వచ్చేది.

మరుసటి సంవత్సరం దసరాకు పన్నెండు రోజుల ముందు ఆ కార్డును వేలంలో పెట్టాను. 1938 నాటిది. దానికి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టుగుడ్డ కుట్టి ఉంది. అరటిపువ్వు రంగు, దాని మీద వంకీలు తిరిగిన జరీ అంచు. వచ్చిన నమూనాను దాని ఉత్తరానికే కుట్టి పెట్టడం మా అంగడి పద్ధతి. అలా కుడితే పోదని. 'బట్ట రంగు చెడలేదు. మచ్చ లేదు. రాత తెలుగు, వ్యాపార విషయం' అని రాసి ఇచ్చాను. రాతను చదివానా అంటే, చదివాను. కళ్ళు దాని మీదుగా పోయాయి.

పాట ఎన్నడూ లేనంత పైకి పోయింది. పద్నాలుగు వేలు దాటింది. ఇంగ్లండులో పాత నేత నమూనాలు పోగుచేసే ఒక ఆవిడ ముందు ఉంది. ఛాయ సంవత్సరీకం దగ్గరపడుతోంది. ఈ డబ్బుతో శ్రీరంగపట్నంలో చేయించి, ఇరవైమందికి భోజనాలు పెట్టాలని పాపక్క లెక్క వేసింది. నేను సరేనన్నాను.

పాట ముగియడానికి రెండు రోజుల ముందు ఆ ఇంగ్లండు ఆవిడ ఒక ప్రశ్న పంపింది. కార్డు మీద ఏమి రాసి ఉందో మాట మాటకూ చెప్పగలరా అని. నాగేంద్ర కీబోర్డు ముందు కూర్చుని, "చదువప్పా, నేను కొట్టుకుంటా పోతా" అన్నాడు. నేను పైకి చదివాను.

"దొడ్డబళ్ళాపురం తేరు వీధి నేత పుల్లయ్య నమస్కారములు. మీ మనిషి చేతికి అంచు నమూనా యిచ్చినాను. ఇది మా అమ్మ నేసినది. ఆమె పోయినది. ఈ అంచు పోగుల లెక్క మాకు ఎవరికీ తెలియదు. మాకు వున్నది యీ ముక్క ఒక్కటే. మీరు చూచుకొని వెంటనే తిరిగి పంపవలెను. దీనిని చూచి నేయవలెను."

నాగేంద్ర చేతులు ఆగాయి. "పంపినారా?"

"పంపింటే ఇక్కడెందుకుంటాది?"

అతను తెర మీదికి వంగాడు. "ఈ రాత నేను ఎక్కడో చూసినానే. ఈ ల కొమ్ము ఇట్ల కిందికి లాగేది" అని, పాత స్కాన్‌లు దాచిన చోటు తెరిచాడు. మేము అమ్మిన ప్రతి కార్డు బొమ్మా అందులో ఉంది. గంటసేపు వెతికాడు. రెండు దొరికాయి. ఒకటి పూనా మనిషికి అమ్మాము, ఒకటి జర్మనీకి.

మొదటిదాంట్లో, 'నమూనా యింకా చేరలేదు. మీ మనిషిని అడిగితిని, అంగడిలో వున్నదని చెప్పినాడు' అని ఉంది. రెండవదాంట్లో, 'అమ్మ సంవత్సరీకము లోపల అయినా పంపగలరు. ఆ దినమునకు ఆ అంచు చీర నేసి పెట్టవలెనని మనసు' అని ఉంది.

రెండవదానికి నేను రాసిచ్చిన మాటలు బొమ్మ కిందనే ఉన్నాయి. 'కుడి మూల మడత. రాత స్పష్టం.'

నాకేమీ అనిపించలేదు. అనిపించవలసినది ఏదో ఉందని మాత్రం తెలిసింది, మొద్దుబారిన పంటిని నాలుకతో తడిమినట్టు.

"ఏం రాయమంటావప్పా ఆమెకు?" అన్నాడు నాగేంద్ర.

"ఉండేదే రాయి."

రాశాడు. పాట ఇంకో వెయ్యి పెరిగింది.

ఇంటికి వచ్చి పాపక్కకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

"అరవై ఆరేండ్లాయె. ఆ పుల్లయ్య ఉండాడా? లేడు. వాళ్ళమ్మ ఉండాదా? లేదు. మింగినోడు తిమ్మరాయప్ప నాయన. నువ్వు అప్పటికి పుట్టనేలేదు కదరా."

"అమ్మేది నేను కదా, అక్కా."

"మరి ఛాయకు ఏం పెడతావు? ఆ గుడ్డపేలిక చూపిస్తావా, పిండాలు పెడతావా?"

ఆమె కాయలు తీసుకుని లోపలికి పోయింది.

ఆయుధపూజకు ముందురోజు పాట ముగిసింది. ఇంగ్లండు ఆవిడకే వచ్చింది. మరునాడు నాగేంద్ర సెంటర్‌లో పూజ. పెద్దవాణ్ణని ప్రతి ఏడూ నాతోనే చేయిస్తాడు. కంప్యూటర్లు తుడిచి, చెండుపూల దండలు వేసి, గుమ్మం ముందు బూడిదగుమ్మడికాయ పెట్టాడు. నేను గంధం కలిపి మంత్రం చెబుతూ ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టుకుంటూ పోయాను. తెరలకు, కీబోర్డులకు, స్కానర్‌కు, బీరువా తాళానికి. ఇరవై ఆరేళ్ళు దసరాకు తక్కెడకూ గజంబద్దకూ లెక్కల పుస్తకానికీ బొట్టు పెట్టిన చెయ్యి. వ్యాపారం దేనితో చేస్తామో దానికి పూజ. పంపడానికి సిద్ధంగా పళ్ళెంలో పెట్టిన కార్డు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగలేదు. తడి గంధం, దాని మీద కుంకుమ, సరిగ్గా పట్టుగుడ్డకూ రాతకూ మధ్య.

"అయ్యో అప్పా!" నాగేంద్ర అరిచాడు. "ఏం పని చేస్తివి! మచ్చ లేదని రాసినాం కదా!"

అప్పటికే కాగితం ఎర్రగా పీల్చుకుంది.

దాచకుండా చెబుతాను. అప్పుడు నాకు కొంచెం తేలిక అనిపించింది. ఈ బేరం వద్దని భగవంతుడే నా చేత చేయించాడనుకున్నాను. జరిగింది జరిగినట్టు ఆమెకు రాయించాను. మచ్చ పడింది, అది పూజలో పెట్టిన బొట్టు, తుడిస్తే పోదు, మీకు వద్దంటే తప్పు మాదే.

మరునాటికి జవాబు వచ్చింది. ఆ బొట్టు వల్ల కార్డు ఇంకా విలువైనదైంది, దయచేసి తుడవకండి, అలాగే పంపండి అని.

నాగేంద్ర కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ముందే తెలిసింటే ఇంకో రెండు బొట్లు పెట్టిస్తా ఉంటి! అప్పా, పోయిన కార్డులకన్నిటికీ బొట్లు పెట్టకుండా నష్టపోయినాం మనం."

నేనూ నవ్వాను. కానీ దారిలో ఆలోచించాను. భగవంతుడు నా బదులు నిర్ణయం చేయడానికి ఒప్పుకోలేదా? లేక ఈ వ్యవహారంలోకి ఆయన అసలు రానే లేదా? బొట్టు పెట్టింది నా అలవాటు. దాన్ని ఆయన మాట అనుకున్నది నా సోమరితనం. ఇలా అనుకోవడం తప్పో కాదో నాకు తెలియదు.

సోమవారం పోస్టాఫీసుకు వెళ్ళాను. కవరు మీద ఇంగ్లండు అడ్రసు నాగేంద్ర రాసి ఇచ్చాడు. వరుసలో నా వంతు వచ్చింది. కిటికీ అవతల ఉన్నామె కవరు తూచి, ఒక చిన్న కాగితం ఇచ్చింది.

"ఒళగేనిదె?" అంది కన్నడంలో, లోపల ఏముందని.

"పాత కార్డు. ఒక గుడ్డముక్క."

"నిమ్మదేనా? ఇల్లి సైన్ మాడి."

మీదేనా, ఇక్కడ సంతకం పెట్టండి. రోజుకు వందమందికి చెప్పే మాట. తల కూడా ఎత్తలేదు. నేను పెన్ను పట్టుకున్నాను. ఈ మూడేళ్ళలో ఇలాంటి కాగితాల మీద ఎన్ని సంతకాలు పెట్టానో లెక్కలేదు. వెనక ఎవరో "బేగ, స్వామీ" అని తొందరపెట్టారు. నేను పక్కకు జరిగాను. వాళ్ళకు దారి ఇవ్వడానికే అనుకున్నాను. కానీ మళ్ళీ వరుసలోకి వెళ్ళలేదు.

ఆవిడ కార్డు చేరాకే డబ్బు కడతానంది కనుక డబ్బు తిరిగి పంపే పని లేకపోయింది. ఇది నేను అమ్మకూడని వస్తువు, తెలియక పెట్టాను, క్షమించండి అని రాయించాను. ఆమె మర్యాదగా రెండు వాక్యాలు రాసి, నా పేరు పక్కన ఎర్ర గుర్తు వేసింది. 'మాట నిలబెట్టుకోని అమ్మకందారు.' అది నిజమే. నాగేంద్ర అది చూసి టీ తెప్పించాడు.

గురువారం దొడ్డబళ్ళాపురం బయలుదేరాను. పాపక్క పొద్దున్నే లేచి ఉంది. ఒక సంచిలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, తమలపాకులు పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది.

"ఉత్త చేతుల్తో పోతారా ఎవరన్నా? సంవత్సరీకానికి నలుగురు చాల్లే. ఛాయకు గుంపంటే ఎప్పుడూ గిట్టదు" అంది.

దొడ్డబళ్ళాపురంలో బస్సు దిగగానే మరమగ్గాల చప్పుడు. ప్రతి ఇంట్లోంచీ అదే. తేరు వీధిలో నేత పుల్లయ్య ఇల్లు అని అడిగితే ముగ్గురు తెలియదన్నారు. నాలుగో మనిషి, "ఆయన పోయి ముప్పై ఏండ్లాయె. కూతురు బాలమ్మ ఉండాది, ఆ నీలం తలుపు" అన్నాడు.

బాలమ్మకు డెబ్బై ఉంటాయి. వసారాలో దారం కండెలు చుడుతోంది. లోపల నాలుగు మరమగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడులో నేను రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. కాటన్‌పేట అనగానే ఆమె చెయ్యి ఆగింది.

"ఏ ఊరంటివి?"

"కాటన్‌పేట, తల్లీ. బట్టలంగడి. మీ నాయన ఒక అంచు పంపినాడు. ఇయ్యలేదు మేము."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. తరువాత లోపలికి తిరిగి గట్టిగా కేక వేసింది. "స్వప్నా! ఇట్ల రావే. కాటన్‌పేటాయన వచ్చినాడు!"

కోడలు కాబోలు, చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఏమనుకోవద్దప్పా," అంది బాలమ్మ. "మా ఇంట్లో ఎవరన్నా గిన్నె తీసుకుపోయి తిరిగి ఇయ్యకుంటే 'కాటన్‌పేటకు పోయింది' అంటాం. మా నాయన మొదలుపెట్టినాడు. ఎందుకంటారో దీనికి కూడా తెలీదు. మొన్న దీని గొడుగు కాటన్‌పేటకు పోయింది."

నేను కార్డు తీసి ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, రాత వైపు చూడకుండా గుడ్డను వెలుగుకు పట్టింది. గోటితో జరీ పోగులు ఒక్కొక్కటే దాటుకుంటూ పోయింది. పెదవులు కదులుతున్నాయి. ఒకచోట తప్పి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఇట్లనా!" అంది చివరకు. "మా నాయన పదేండ్లు తంటాలు పడినాడు. ఈ వంకీ దగ్గర రెండు పోగులు వదిలి ఎత్తల్ల. ఆయన ఒకటే వదిలి ఎత్తేవాడు."

"ఇప్పుడు నేస్తారా?"

"ఎవరు నేస్తారు? అన్నీ మిషన్లే కదా." ఆ మాట అంటూనే మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

బొట్టు ఎవరు పెట్టారని అడిగింది. నేనే, పొరపాటున అన్నాను. పొరపాటేముంది అంది. నడుముకు దోపుకున్న చిన్న కత్తెర తీసి, కుట్టు కత్తిరించి, గుడ్డను తన చేతిలో ఉంచుకుని కార్డు నాకిచ్చింది.

మా అంగడిలో నమూనా తిరిగి ఇస్తే, దాని ఉత్తరం మీద ఆ మనిషి చేత రాయించుకోవడం పద్ధతి. అడగడానికి మొహమాటపడ్డాను కానీ అడిగాను. ఆమె నా పెన్ను తీసుకుని, "నాకు తెలుగు రాత రాదప్పా, కన్నడమే" అంది. కార్డును మోకాలి మీద పెట్టుకుని తన పేరు కన్నడంలో నిదానంగా రాసింది. దాని కింద నేను తెలుగులో 'ముట్టినది' అని రాసి, తేదీ వేశాను.