భూమి ఒళ్ళు చేసింది

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. కాటాల మెకానిక్ ఆ మాట ఎన్నిసార్లో విన్నవాడే. కానీ పెళ్ళాం మీద ప్రేమ ముంచుకొచ్చినప్పుడు సామెతలెవరికి గుర్తుంటాయి?

అతను పనిచేసేది సైన్సు మ్యూజియంలో. అక్కడ పిల్లలు ఎగబడే కాటా ఒకటుంది. ఎక్కి నిలబడి మీట నొక్కితే భూమి మీద, చంద్రుడి మీద, గురుగ్రహం మీద మన బరువెంతో అంకెల్లో చూపిస్తుంది. ఏది ఎంత జోరుగా కిందికి లాగుతుందో ఆ విలువలు లోపల నింపి ఉంటాయి. లెక్క కట్టి అవి ఇచ్చింది అతని భార్యే. బళ్ళో ఫిజిక్సు చెప్పే పంతులమ్మ. గ్రహం ద్రవ్యరాశి, వ్యాసార్ధం చెబితే చాలు, కూర మాడేలోపు లెక్క తేల్చేది.

ఇప్పుడామె బడికి పోవడం లేదు. కడుపులో మాయదారి రాచపుండు. డాక్టరు ఇద్దరికీ విడమర్చి చెప్పాడు.

"మందు పడితే బరువు పెరగాలి. పెరక్కపోతే ఆపేద్దాం. ఊరికే నరకం చూడటం దేనికి?"

పంతులమ్మ సరేనంది. ఆస్పత్రిలో ఎంత తూగిందో మాత్రం అడిగేది కాదు. "మీ చేతి కాటా తప్ప నేనింకోటి నమ్మను" అని మొగుడితో అనేది.

మందు తొలి విడతకే ఆస్పత్రి కాటాలో అంకె పడిపోయింది. డాక్టరు అతన్ని పక్కకు పిలిచి, "ఇంకా ఇద్దామంటారా? ఇద్దరూ మాట్లాడుకుని చెప్పండి" అన్నాడు. అతను ఎవరితోనూ మాట్లాడలేదు. ఇవ్వమన్నాడు. మ్యూజియానికొచ్చి, కాటా వెనక మూత విప్పి, భూమి విలువ కాస్త పెంచాడు. ఆమె లేని ఇల్లు ఊహకే అందలేదు మరి, ఏం చేస్తాడు!

ఆ తర్వాత ఆమె ఇంకో మూడు విడతలు ఎక్కించుకుంది. నోరు పూసింది. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. "పెరుగుతున్నాను కదండీ, ఓర్చుకుంటాను" అనేది. అతను విడతకోసారి విలువ ఇంకొంచెం జరిపి ఆమెను కాటా ఎక్కించేవాడు.

మ్యూజియానికి సెలవైన ఓ సాయంత్రం ఆమె కాటా ఎక్కింది. నలభై అయిదు. పంతులమ్మ మొహం వెలిగిపోయింది. ఆ ఉషారులో, "పదండి, చంద్రుడి మీదికి కూడా పోయొద్దాం" అంటూ పక్క మీట నొక్కింది.

ఆరు పాయింట్ రెండు.

చంద్రుడి విలువ కూడా ముట్టుకోవాలని అతనికి తోచనే లేదు. ఆమె పెదవులు కదిలాయి. లెక్క ఎంతసేపు? చంద్రుడి లాగుడు భూమి లాగుడులో ఆరో వంతు; నలభై అయిదుకి ఏడున్నర రావాలి.

"ఏమండీ, ఈ లెక్కన భూమి లాగుడు తొమ్మిది పాయింట్ ఎనిమిది కాదు, దాదాపు పన్నెండు." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నేను ఒళ్ళు చేయలేదన్నమాట. భూమి ఒళ్ళు చేసింది."

"నువ్వు ధైర్యంగా ఉంటావని..."

"మూడు విడతలండీ! నాకు చెప్పుంటే ఆ రోజులన్నీ కిటికీ దగ్గర కూర్చుని మీతో కబుర్లాడేదాన్ని. బేసిన్ పట్టుకుని గడిపాను."

"నువ్వుండాలనుకున్నాను. అంతే."

"ఉన్నాను కదా! ఉన్న నాలుగు రోజులూ ఉండనివ్వలేదు మీరు."

అతను తల దించుకున్నాడు. తన గుండె కోతకి ఆమె కడుపును బలిపెట్టాడని అప్పుడు తెలిసొచ్చింది.

"మూత విప్పండి" అందామె.

అతను స్క్రూలు విప్పాడు. ఆమె అంకె చెప్పింది, అతను సరిచేశాడు. ఆమె మళ్ళీ ఎక్కింది. ముప్పై ఏడున్నర.

"ఇదీ నేను" అంది. "రేపటి విడతకి నేను రాను. డాక్టరుగారికి మీరే చెప్పండి."

"చెప్తాను."

దిగడానికి ఆమె చెయ్యి చాచింది. అతను రెండు చేతులా పట్టుకుని దింపాడు. పిట్టంత తేలిగ్గా ఉంది. ఏడుపు ఆగక ఆమె భుజం మీద తల పెట్టేశాడు.

"ఆనకండి, పడిపోతాను" అంది పంతులమ్మ. అయినా పక్కకు జరగలేదు.