పిసకకూడని పిండి

మరదలు కలిపిన పిండిని వదిన తొమ్మిదేళ్లుగా బాతులకు వేస్తోంది. ఈ సంగతి బాతులకు తెలుసు, బాతులు పెంచే ఆయనకు తెలుసు, వదిన మొగుడికి తెలుసు. మరదలికి మాత్రం తెలియదు.

వాళ్లది పైల దుకాణం. పై అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వెన్న వేసి కలిపిన మైదాపిండిని పల్చగా ఒత్తి రేకు పళ్లెంలో పరిచి, అందులో యాపిల్ ముక్కలో కోడి మాంసమో నింపి, మీద ఇంకో పొర కప్పి, ఓవెన్‌లో కాల్చేదే పై. లోపల ఏం పెట్టినా జనం సర్దుకుపోతారు గానీ, పొర గుల్లగా రాకపోతే రెండోసారి ఆ గుమ్మం తొక్కరు. వదిన చేసిన పొర నోట్లో పెట్టుకోగానే రేకులు రేకులుగా విడిపోయేది. పొద్దున్నే దుకాణం ముందు నిలబడే జనమంతా దానికోసం నిలబడేవాళ్లే.

పనికి ఒక పద్ధతి ఉంది. సాయంత్రం మరదలు మర్నాటికి కావలసిన పిండి కలిపి, ముద్దలు చేసి, కవర్లు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికి వెళ్లిపోతుంది. తెల్లవారుతుండగా వదిన వచ్చి వాటిని ఒత్తి కాలుస్తుంది. పదింటికి మరదలు వచ్చి బల్ల దగ్గర నిలబడి అమ్ముతుంది. ఇది పైకి చెప్పుకునే పద్ధతి. అసలు జరిగేది వేరు. వదిన రాగానే ఆ ముద్దలన్నీ తీసి బకెట్లో పడేసి వెనక తలుపు దగ్గర పెడుతుంది. చేతులు కడుక్కుని మళ్లీ మొదటినుంచీ తానే కలుపుకుంటుంది. బాతులాయన తోపుడుబండితో వచ్చి బకెట్ ఖాళీ చేసుకుపోతాడు. "ఇవాళ కాస్త తగ్గిందేంటమ్మా?" అని ఒక్కోరోజు నిష్ఠూరాలు కూడా ఆడతాడు.

వదిన చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషి అయితే మొదటిరోజే ముఖం మీద చెప్పేసేది, పీడా పోయేది.

తొమ్మిదేళ్ల కిందట మరదలు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. కుట్టు వంకరపోతోందని సూపర్‌వైజరు నలుగురి ముందూ అనేసి, ఆ పూటే పంపించేశాడు. మూడువారాలు ఆ పిల్ల గదిలోంచి బయటికి రాలేదు. పిల్ల అంటే మరీ పిల్లేం కాదు, ముప్ఫై రెండేళ్లు. కానీ మొదటినుంచీ గలగలా వాగుతుందని ఇంట్లో అందరూ 'పిచ్చుక' అనే పిలిచేవాళ్లు, ఆ పేరు వల్ల ఎప్పుడూ చిన్నపిల్లలానే కనిపించేది. ఆ పిచ్చుక నోరు మూసుకుని కూర్చుంటే ఇంట్లో దీపం ఆరినట్టుండేది. చివరికి వాళ్లన్నయ్య దుకాణానికి తీసుకొచ్చాడు. వస్తూనే పెళ్లాన్ని పక్కకు పిలిచి, "ఏం చేసినా ఏమీ అనకు. అసలే నలిగిపోయి ఉంది," అన్నాడు.

ఆ సాయంత్రం మరదలు పిండి కలిపింది. కలపడమా అది! కసి తీరా పిసికింది. ఆ సూపర్‌వైజరు మెడ దొరికినట్టే పిసికింది. చెమటలు పట్టేదాకా పిసికి, నున్నటి ముద్ద చేసి, "చూడు వదినా, ఎంత మెత్తగా వచ్చిందో!" అంది. మూడువారాల తర్వాత ఆ ముఖంలో కాస్త వెలుగు కనిపించింది. అలా పిసికిన పిండి కాలిస్తే తోలులా సాగుతుందని వదినకు తెలుసు.

"బాగుంది," అంది.

రెండోరోజూ బాగుందనే అంది. వారం తిరిగేసరికి, చెబితే ఈ వారమంతా ఎందుకు చెప్పలేదంటుందే అని ఆగింది. నెల తిరిగేసరికి అది ఇంకా బరువైంది. ఏడాది గడిచాక ఇక ఆ మాటెత్తడానికే భయమేసింది. అబద్ధం మొదటిరోజు చిటికెడే ఉంది, తీసి పారెయ్యాల్సింది ఆరోజే.

దానికితోడు జనం పొగడ్తలొకటి. "పొర ఏం చేస్తారమ్మా, వెన్నలా కరిగిపోతోంది," అని ఎవరైనా అంటే మరదలు ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని, "నిన్న సాయంత్రం నేనే కలిపానండీ," అనేది. సరిగ్గా ఆ క్షణానికే వదినకు కింది అరలో ఏదో వెతకాల్సిన పని పడేది. తొమ్మిదేళ్లలో ఆ కింది అరను ఆమె వెతికినంతగా ఎవరూ వెతికి ఉండరు.

ఒకసారి మొగుడే అన్నాడు. "ఇంకెన్నాళ్లే ఇలా రెండుసార్లు కలపడం? దానికి చెప్పెయ్."

"నీ చెల్లెలేగా, నువ్వే చెప్పు," అంది వదిన.

ఆయన చొక్కా తగిలించుకుని బయటికెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇలా సాగుతుండగా ఒక సోమవారం మధ్యాహ్నం, పెద్ద కాలేజీ హాస్టల్లో వంటశాల చూసుకునే పెద్దావిడ దుకాణానికి వచ్చింది. యాపిల్ పై తింది. ఇంకోటి తింది. "ఈ పిండి కలిపేదెవరు?" అని అడిగింది.

"నేనేనండీ," అంది మరదలు.

హాస్టల్లో కొత్తగా బేకరీ పెడుతున్నారు. దాన్ని నడిపించే మనిషి కావాలి. కింద పనిచేసేవాళ్లు ఆరుగురు ఉంటారు. గురువారం వచ్చి తమ ముందు ఒకసారి పిండి కలిపి, పొర కాల్చి చూపిస్తే చాలు, మిగతాదంతా మాట్లాడుకుందామంది పెద్దావిడ.

ఆవిడ వెళ్లాక మరదలు బల్ల వెనక స్టూలు మీద కూలబడింది. "వదినా, నన్ను వెతుక్కుంటూ వచ్చింది వదినా. నా నలభై ఒక్కేళ్లలో నన్నెవరూ ఇలా కావాలని అడగలేదు," అని వదిన రెండు చేతులూ పట్టుకుంది. గురువారానికి ఇంకా మూడురోజులుంది. నోరు విప్పితే మూడురోజులు చాలా ఎక్కువ. ఈ పిండికి మూడు నిమిషాల పాఠం సరిపోతుంది.

మంగళవారం సాయంత్రం మరదలు పిండి కలుపుతుంటే పక్కన చేరింది. "ఈసారి కొంచెం తక్కువ పిసికి చూద్దామా పిచ్చుకా? ఊరికే, ఎలా వస్తుందో..."

"భలేదానివే! తొమ్మిదేళ్లుగా ఇలాగే కదా అందరూ లొట్టలేసుకుంటూ తింటున్నారు. ఇప్పుడు, అదీ పరీక్షకి ముందు, చెయ్యి మారుస్తానా?" అని నవ్వింది మరదలు. ఆ మాటలో తప్పేముంది? వదిన కవర్లు తీసి ముద్దలకు చుట్టసాగింది.

బుధవారం చెప్పేద్దామని గట్టిగా అనుకుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి తిరిగొస్తూ దారంతా మాటలు కూడా కూర్చుకుంది. వెళ్లేసరికి మరదలు కొత్త ఏప్రన్ కొనుక్కొచ్చి అద్దం ముందు కట్టుకుని చూసుకుంటోంది. కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి. ఏమో, అక్కడ వెన్న వేరుగా ఉంటుందేమో, ఓవెన్ మంచిదై ఉంటుందేమో, ఎలాగోలా గట్టెక్కుతుందేమో అని తనకు తానే చెప్పుకుంది. ముప్ఫై ఏళ్లుగా పిండిలో చెయ్యి పెట్టిన మనిషి ఇలాంటివి నమ్మదు. నమ్మినట్టు నటించింది, అంతే.

గురువారం పొద్దున మరదలు ఇస్త్రీ బట్టల్లో వచ్చి గుమ్మంలో నిలబడింది. "భయంగా ఉంది వదినా. ఏదైనా ధైర్యం చెప్పు."

అదే ఆఖరి అవకాశం. వదిన నోరు తెరిచింది.

"నీకేమే, బంగారంలాంటి చెయ్యి," అంది.

తర్వాత జీవితంలో వదిన ఎన్నో మాటలు మర్చిపోయింది గానీ, ఈ ఒక్కటీ మర్చిపోలేకపోయింది.

మరదలు మూడుగంటలకు తిరిగొచ్చింది. దుకాణంలో ఎవరూ లేరు. కొత్త ఏప్రన్ చంకలో ఉండచుట్టుకుని ఉంది. స్టూలు మీద కూర్చుని, నేలకేసి చూస్తూ చెప్పింది.

"కాల్చాను. ఆవిడ ఒక ముక్క విరవబోయింది. విరగలేదు. సాగింది. కత్తి తెమ్మంది. తిని, 'నేను మీ దుకాణంలో తిన్నది ఇది కాదమ్మా' అంది. 'ఇదే చేత్తోనండీ, రోజూ నేనే కలుపుతా' అన్నాను. మళ్లీ కలపమంది. మళ్లీ అలాగే వచ్చింది." ఏప్రన్ ఉండను ఒళ్లో పెట్టుకుంది. "అప్పుడావిడ నా వైపు ఎలా చూసిందో తెలుసా? కోప్పడినా బాగుండేది. 'ఇంకొకరి పనిని మనదని చెప్పుకోకూడదమ్మా' అంది మెల్లగా. ఆ ఆరుగురూ అక్కడే ఉన్నారు వదినా."

వదిన వెళ్లి దుకాణం తలుపు దగ్గరగా వేసింది.

"దారి పొడుగునా ఆలోచించాను," అంది మరదలు. "నేను అబద్ధమాడలేదు. మరి నా పిండి ఏమైంది? రోజూ నేను కలిపి వెళ్లిన పిండి ఏమవుతోంది?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. వదిన చెప్పేసింది. బకెట్టు, బాతులాయన, తొమ్మిదేళ్లు, అన్నీ. చెబుతూ ఏడ్చింది. నిన్ను బాధపెట్టలేక చెప్పలేదే అంది. అనగానే ఆ మాట తనకే చేదుగా తోచింది. తొమ్మిదేళ్లపాటు బాధపడకుండా చూసుకున్నది మరదలిని కాదు, తననే.

మరదలు ఏడవలేదు, అరవలేదు. అరిస్తే వదినకు ప్రాణం తెరిపిన పడేది. ఒకే మాట అడిగింది.

"తప్పెక్కడ?"

"పిసుకుతావు. ఈ పిండిని పిసకకూడదు. వెన్న చల్లగా ఉండాలి. దాన్ని మైదాలో వేసి వేళ్ల చివర్లతో నలపాలి. రవ్వలా అవగానే ఆపాలి, అక్కడక్కడా వెన్న పలుకులు కనిపిస్తూనే ఉండాలి. చల్లటి నీళ్లు చెంచాతో చల్లి, ముద్ద కట్టీకట్టకుండా ఉన్నప్పుడే చెయ్యి తీసెయ్యాలి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి ఒత్తుకోవాలి. ఆ పలుకులే ఓవెన్‌లో కరిగి పొరలు విడదీస్తాయి. నువ్వు అవి మాయమయ్యేదాకా పిసుకుతావు."

"అంతేనా?"

"అంతే."

"అంతేనా వదినా?" అంది మరదలు. "ఇంత చిన్న మాటా? నువ్వు ఇప్పుడు చెప్పినంతసేపు కూడా పట్టదు కదా ఇది."

లేచి చేతులు కడుక్కుంది. పాత ఏప్రనే కట్టుకుంది. ఫ్రిజ్‌లోంచి వెన్న తీసి ముక్కలు కోసి మైదాలో వేసింది. వేళ్ల చివర్లతో నలిపింది. రవ్వలా అయింది, ఆపింది. నీళ్లు చల్లింది. ముద్ద ఇంకా పగుళ్లుగా, మొరటుగా ఉండగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ వెనక్కి తీసుకోవడం ఆమెకు ఎంత కష్టమైందో వదినకు కనిపించింది. అరగంట ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు. ఆ తర్వాత మరదలు ముద్దను ఒత్తి, ఉత్త పొరనే పళ్లెంలో పరిచి కాల్చింది.

బయటికి తీసేసరికి పొర పొంగి, అంచులు ఎర్రగా కాలి ఉన్నాయి. వేలితో తాకితే రాలిపోయింది. వదిన ఒక ముక్క నోట్లో వేసుకుంది. వేసుకుని కళ్లు మూసుకుంది. తన చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి, వెన్న ఎంతో కొంత కరిగిపోతుంది, ముప్ఫై ఏళ్లుగా ఆ వెచ్చదనంతో కుస్తీ పడుతూనే ఉంది. మరదలి చేతులు చల్లనివి. ఇలాంటి పొర వదినకు ఒక్కరోజు కూడా రాలేదు.

"పిచ్చుకా," అంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. "నాకంటే బాగా వచ్చిందే. ఒట్టు. నా పొర దీని ముందు ఎందుకూ పనికిరాదు. నిజంగా చెబుతున్నా."

మరదలు ఆమె ముఖంలోకి చూసింది. అందులో ఏదో వెతికింది. దొరకలేదు కాబోలు, చూపు తిప్పుకుంది.

"ఏమో వదినా. నాకెలా తెలుస్తుంది?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే తెలియక అంది.

పొరను ముక్కలుగా విరిచి పళ్లెంలో పెట్టుకుని వీధిలోకి వెళ్లింది. ఎదురుగా బస్సుకోసం ముగ్గురు నిలబడి ఉన్నారు. గొడుగు పట్టుకున్న ఒకావిడ దగ్గర ఆగి పళ్లెం చాపింది. వదిన అద్దం తలుపు దాకా వెళ్లి, పిడి మీద చెయ్యివేసి, అక్కడే ఆగిపోయింది. ఆవిడ ముక్క తింది. కనుబొమలు పైకెత్తింది. ఏదో అంది. ఏమందో అద్దం ఇవతలికి వినపడలేదు. మరదలి ముఖం మెల్లగా విచ్చుకుంది. ముక్కూ ముఖం తెలియని ఆ మనిషిని చూసి నవ్వింది, చిన్నగా తలూపింది. ఆ తర్వాత దుకాణం వైపు చూడకుండా, పళ్లెం పట్టుకుని పక్కనున్న మనిషి దగ్గరికి నడిచింది.