కొండమీది అక్క

వాల్దెలిసి పెలోరిన్యో కొండ ఎక్కి ముప్పై ఏళ్లు దాటింది. కింద ఓడరేవు బజారుకి ఎన్నోసార్లు వచ్చింది గాని, పైకి తీసుకెళ్లే లిఫ్టు దగ్గరికి రాగానే ఏదో పని గుర్తొచ్చి వెనక్కి తిరిగేది. ఆ ఉదయం మాత్రం తిరగలేదు. తన మనవరాలు జుస్సారా తెచ్చిన కబురు అలాంటిది. వాల్దెలిసి అక్క ఎదినాల్వా మెట్ల మీద జారిపడి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ రోజేమో సాంతా బార్బరా పండుగ. ఏటా వీధంతటికీ బెండకాయ కూర వండిపెట్టడం ఎదినాల్వా మొక్కు. ఎవరు సాయం చేస్తామన్నా ఒప్పుకోక, ఎడమ చేత్తోనే తరుగుతానని భీష్మించుకుందట.

అక్కచెల్లెళ్లిద్దరూ ఆ కొండమీదే పుట్టారు. దొరలు వదిలేసిపోయిన మేడల్లో అప్పట్లో గదికొక నల్లవాళ్ల సంసారం. తర్వాత ఆ మేడలు బాగుచేసి రంగులు వేస్తామనీ, అందరూ ఖాళీ చేయాలనీ ప్రభుత్వం వాళ్లు వచ్చారు. అంతకు ముందు వానాకాలంలోనే పైకప్పు విరిగి వాల్దెలిసి కొడుకు పక్కమీద పడింది. పిల్లవాడు వెంట్రుకవాసిలో బతికాడు. వాల్దెలిసి ప్రభుత్వం ఇచ్చిన డబ్బు పుచ్చుకుని, పిల్లల్ని తీసుకుని ఊరి చివరికి వెళ్లిపోయింది. ఎదినాల్వా కదలనంది. సామాన్లు లారీకెక్కుతుంటే, కొండని అమ్ముకుపోయే మనిషి తనకి అసలు చెల్లెలే కాదని వీధి మధ్య నిలబడి అరిచింది. తల్లి పోయినప్పుడు కూడా ఇద్దరూ శవపేటికకి చెరో పక్కన నిలబడ్డారు తప్ప పలకరించుకోలేదు.

ఆ ఉదయం కొండమీది వీధుల్లో ఎటు చూసినా పండుగ రంగులు, ఎరుపూ తెలుపూ బట్టలే. రోజారియో చర్చి ముందు డప్పులు మొదలయ్యాయి. తాము ఉన్న మేడ ఇప్పుడు హోటలు. గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు వాల్దెలిసిని చూసి, గది కావాలా అమ్మా అని మర్యాదగా అడిగాడు.

"ఒకప్పుడు ఉండేది బాబూ," అని ఆమె ముందుకు నడిచింది.

మేడ పోయినా కొండ దిగని ఎదినాల్వా గది ఇప్పుడు సందు చివర. బల్లమీద గుట్టగా బెండకాయలు, వాటి వెనక కట్టు కట్టిన చెయ్యి, దాని వెనక అక్క ముఖం. బాగా ముసలిదైపోయింది. ఎదినాల్వా తలెత్తి చూసి, "చేతులు కడుక్కో," అంది.

వాల్దెలిసి కడుక్కుని కత్తి అందుకుంది. నాలుగు కాయలు తరిగిందో లేదో అక్క మొదలెట్టింది.

"అవేం ముక్కలే? కింద పశువులకి వండుతున్నారా?"

"చెయ్యి విరిగింది గాని నీ నోటికేం కాలేదక్కా."

వెంట వచ్చిన జుస్సారా నవ్వు ఆపుకుంటూ ఎండురొయ్యలు నూరడానికి కూర్చుంది. ఎర్రటి తాటినూనె కాగుతున్న వాసన గదంతా నిండింది. ఉన్నట్టుండి ఎదినాల్వా, కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"ఇవాళ వీధి నిండా మనవాళ్లే. రేపు పొద్దున చూడు, ఒక్కళ్లుండరు. అందరూ కిందనించి వచ్చినవాళ్లే. పోట్లాడ్డానికైనా మనిషి లేడే ఇక్కడ."

ఈ మాట అక్క నోట వినాలని వాల్దెలిసి ఎన్నేళ్లో కోరుకుంది. తీరా విన్నాక సంతోషం కలగలేదు.

"నువ్వుండబట్టి వచ్చానక్కా," అంది. "నువ్వూ వచ్చేస్తే ఈ కొండమీద ఎవరింటికని వచ్చేదాన్ని?"

ఎదినాల్వా ఉప్పు చాలిందో లేదో చూడమని గరిటె చెల్లెలి చేతికిచ్చింది.

ఊరేగింపు అయ్యాక జనం పళ్లేలు పట్టుకుని గుమ్మం ముందు చేరారు. చాలామంది ఒకప్పటి ఇరుగుపొరుగులే. కొందరు వాల్దెలిసిని గుర్తుపట్టి కావిలించుకున్నారు. గుర్తుపట్టనివాళ్లకి ఎదినాల్వా తనే చెప్పింది: "నా చెల్లెలు. ముక్కలు లావుగా ఉంటే దాన్ని అడగండి."

సాయంత్రం గిన్నెలు కడిగాక, చెయ్యి నయమయ్యేదాకా తన దగ్గర ఉండమని వాల్దెలిసి అడిగింది. రెండు బస్సులు మారి ఎవరొస్తారని అక్క కసిరింది. మళ్లీ తనే, అక్కడ గదికి కిటికీ ఉందా అని అడిగింది.

"ఉంది. పక్కింటి గోడ బాగా కనబడుతుంది."

మరుసటి ఆదివారం ఎదినాల్వా ఒక బుట్ట పట్టుకుని చెల్లెలింటికని కొండ దిగింది. దారిపొడవునా ఎండనీ, గతుకుల్నీ, డ్రైవర్నీ తిట్టింది. చెయ్యి అతుక్కున్నాక కూడా చెల్లెలింట్లోంచి కదల్లేదు. కార్నివాల్ దగ్గర పడ్డాక, ఇక కొండమీద డప్పులు మొదలవుతాయంటూ బుట్ట సర్దుకుంది. వాల్దెలిసి కూడా చెప్పులేసుకుని అక్క వెంట బయల్దేరింది.